రాబందులు ఏల నశించినవి? – పశువులకిచ్చిన ఒక మందు నేర్పిన పాఠము

చచ్చిన పశువును ఊరిబయట పారవేసిన కొలది సేపటికే ఆకాశమున నల్లని చుక్కలవలె రాబందులు కనబడుటయు, అవి సుడులు తిరుగుచు క్రిందికి దిగుటయు ఒకప్పుడు భారతదేశమందలి పల్లెలలో నిత్యము కనబడెడి దృశ్యము. 1990కి పూర్వము పెరిగినవారికి ఈ దృశ్యము చక్కగా జ్ఞాపకముండును. ఆ తరువాత పుట్టినవారిలో పెక్కుమంది రాబందును బొమ్మలలో మాత్రమే చూచియుందురు. ఒక తరములోపలనే ఇంత పెద్దపక్షి కోట్ల సంఖ్యనుండి వేల సంఖ్యకు ఎట్లు తగ్గిపోయెను? దానికి కారణమును ఎవరు, ఏ విధముగా కనుగొనిరి? పక్షులు చచ్చినందున మనుష్యుల ఆరోగ్యమునకు కలిగిన నష్టమేమి? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు ఈ పాఠమునందు వివరింపబడుచున్నవి.

రాబందు చేయు పని

రాబందు వేటాడి జీవించు పక్షి కాదు. అది చచ్చిన జంతువుల మాంసమును తిని జీవించును. దాని తలమీదను మెడమీదను ఈకలు మిక్కిలి తక్కువ. అందుచేత కళేబరములోనికి తలదూర్చి తినునపుడు రక్తమాంసములు ఈకలకు అంటుకొని నిలువయుండవు. దాని జీర్ణకోశమునందలి ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. ఇతర జంతువులకు హానిచేయు కుళ్లిన మాంసమును అది జీర్ణించుకొనగలదు. ఒక పెద్ద రాబందుల గుంపు ఒక ఆవు కళేబరమును గంటసేపటిలోపలనే ఎముకలు మిగులునట్లు శుభ్రము చేయగలదు.

భారతదేశమున గోవులు, ఎద్దులు, గేదెలు కోట్లకొలదిగా ఉన్నవి. వయస్సు మీరి చచ్చిన పశువులను తోలు తీసిన తరువాత ఊరిబయట విడిచివేయుట పలుచోట్ల ఆచారము. ఇట్టి కళేబరములన్నిటిని పూడ్చుటకుగాని, కాల్చుటకుగాని గ్రామములు ఎంత ధనము వెచ్చింపవలసియుండునో ఊహింపవచ్చును. ఆ పనిని రాబందులు కూలి లేకయే చేయుచుండెను. చచ్చిన పశువు చెరువులోనో, వాగులోనో కుళ్లి నీటిని చెరుపకుండ కాపాడిన పారిశుద్ధ్య సేవకులు అవియే. ముంబాయిలోని పారశీకులు తమ మృతదేహములను దఖ్మాలయందు రాబందులకు అప్పగించు ఆచారము కూడ ఈ పక్షులపైననే ఆధారపడియుండెను.

క్షీణత

దక్షిణాసియాలో గ్రామములను, పట్టణములను ఆశ్రయించి బ్రతికిన ముఖ్యజాతులు మూడు: తెల్లవీపు రాబందు, పొడుగుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు. మొదటిది చెట్లమీద గూడు కట్టును; రెండవది కొండచరియలయందు గూడు కట్టును; మూడవది హిమాలయముల దిగువ మైదానములలోను, అస్సాము ప్రాంతమునందును ఎక్కువగా ఉండును.

రాజస్థానమందలి భరతపురమువద్ద ఉన్న కేవలాదేవ్ జాతీయవనమునందు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభూ ప్రకాశ్ 1980 దశకమునందు రాబందుల గూళ్లను లెక్కించియుండిరి. 1990 దశకము చివర ఆయన మరల అచటనే పరిశీలింపగా, గూళ్లు మిక్కిలి తగ్గియుండుటయు, చెట్లమీదను పొదలలోను చచ్చిన పక్షులు పడియుండుటయు కనబడెను. ఈ సంగతిని ఆయన 1999లో ప్రకటించిరి. పిమ్మట దేశమంతట రహదారులవెంట పోవుచు లెక్కించిన సర్వేలవలన, 1992 మొదలు 2007 వరకు తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తగ్గినట్లు తేలినది. అనగా వేయి పక్షులున్నచోట ఒక్కటి మిగిలినది. మిగిలిన రెండు జాతులును కలిపి నూటికి సుమారు 97 వంతులు తగ్గినవి. అడవిలో జీవించు పక్షిజాతి ఇంత వేగముగా క్షీణించుట మిక్కిలి అరుదు. ఈ మూడు జాతులును అంతరించిపోవు అపాయము అత్యధికముగా గల జాతుల జాబితాలో చేర్చబడినవి.

కారణాన్వేషణము

మొదట అనేకులు ఇది అంటువ్యాధి అయియుండునని తలచిరి. ఒకేకాలమున విశాలప్రదేశములలో పక్షులు చచ్చుటవలన వైరస్ సందేహము సహజముగానే కలిగెను. మెడ వ్రేలవేసికొని గంటలకొలది కదలక కూర్చుండు పక్షులను చూచి అది రోగలక్షణమని భావించిరి. ఎండ తీవ్రముగా ఉన్నపుడు ఆరోగ్యముగల రాబందులు కూడ అట్లే కూర్చుండునని తరువాతి పరిశోధనలవలన తెలియవచ్చినది. బయటికి కనబడు ఒక్క లక్షణమునుబట్టి రోగనిర్ణయము చేయరాదనుటకు ఇది మంచి నిదర్శనము.

అమెరికాకు చెందిన పశువైద్య శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు పాకిస్థానులోని పంజాబు రాష్ట్రమున చచ్చిన తెల్లవీపు రాబందులకు శవపరీక్షలు జరిపిరి. చచ్చిన పెద్దపక్షులలో నూటికి సుమారు 85 పక్షుల శరీరములోపల సుద్దపొడివంటి తెల్లని పూత కనబడెను. గుండె, కాలేయము, మూత్రపిండములు, ప్లీహము ఆ పూతతో కప్పబడియుండెను. ఆ తెల్లని పదార్థము యూరిక్ ఆమ్లము. మూత్రపిండములు చెడిపోయిన పక్షులలో మాత్రమే ఇట్లు జరుగును.

మూత్రపిండములను చెరుపగల కారణములను వారు ఒక్కొక్కటిగా పరీక్షించిరి. వైరసులు, బాక్టీరియాలు, పురుగుమందులు, సీసమువంటి విషలోహములు – వీనిలో ఏదియు ఇన్ని మరణములకు కారణముగా కనబడలేదు. అప్పుడు వారు ప్రశ్నను మార్చిరి. రాబందు తినునది పశుమాంసము. కావున ఆ పశువులకు చావుకు ముందు ఇచ్చుచున్న మందులేవి? పశువైద్యులను, మందులు అమ్మువారిని విచారింపగా, మూత్రపిండములకు హానిచేయగలదియు, నోటిద్వారా శరీరములోనికి పోగలదియు, ఎల్లెడల వాడుకలో ఉన్నదియు అయిన మందు ఒక్కటే కనబడెను. అదియే డైక్లోఫెనాక్. మనుష్యుల కీళ్లనొప్పులకు వాడు ఈ మందు 1990 దశకమున చవుకగా పశువుల వాడుకలోనికి వచ్చెను. కుంటుటకు, పొదుగువాపునకు, జ్వరమునకు దానిని సూదిమందుగా విరివిగా ఇచ్చుచుండిరి.

అనుమానము వేరు, నిరూపణము వేరు. మూత్రపిండములు చెడి చచ్చిన 25 రాబందులను పరీక్షింపగా 25 పక్షులలోను డైక్లోఫెనాక్ కనబడెను. ఇతర కారణములచేత చచ్చిన 13 పక్షులలో ఒక్కదానియందును అది కనబడలేదు. తరువాత, గాయములవలన అడవికి తిరిగి విడువవీలులేని కొన్ని రాబందులకు ఈ మందును, మందు ఇచ్చిన పశువుల మాంసమును పెట్టి చూడగా, వానిలో అనేకము అదేవిధముగ చచ్చెను. శవపరీక్షలో అదే తెల్లని పూత కనబడెను. ఈ ఫలితములు 2004లో ‘నేచర్’ అను శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినవి. భారతదేశమునందును, నేపాళమునందును దొరకిన చచ్చిన పక్షులను పరీక్షింపగా అక్కడకూడ ఇదే కారణమని తేలినది.

మందు రాబందును చంపు విధము

క్షీరదములు శరీరమందలి నత్రజని వ్యర్థమును యూరియాగా మార్చి నీటితో కలిపి విసర్జించును. పక్షులట్లు కాక దానిని యూరిక్ ఆమ్లముగా మార్చి తెల్లని ముద్దగా విసర్జించును. ఇందుచేత వానికి నీరు తక్కువ సరిపోవును. కాని మూత్రపిండములు పని మానినచో యూరిక్ ఆమ్లము రక్తమున పెరిగిపోయి, స్ఫటికములుగా మారి అవయవములపై పేరుకొనును. డైక్లోఫెనాక్ చేరిన రాబందులో ఈ మార్పులన్నియు రెండు మూడు దినములలోనే జరిగి పక్షి చచ్చును. చావునకు కావలసిన మోతాదు కూడ అత్యల్పము: శరీరపు బరువు ప్రతి కిలోగ్రాముకు ఒక మిల్లీగ్రాములో చిన్న భాగము చాలును. అదే మందు ఆవునకు నొప్పి తగ్గించును. ఒక ప్రాణికి ఔషధమైనది మరియొక ప్రాణికి విషము కావచ్చునన్న సూత్రమును ఇంతకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము దొరకదు.

కొలది కళేబరములే చాలును

దేశములోని పశువులన్నిటికిని ఈ మందు ఇచ్చియుండలేదు గదా, అట్లయిన రాబందులన్నియు ఏల చచ్చెను అని కొందరు శంకించిరి. ఈ శంకకు సమాధానము లెక్కలో ఉన్నది. ఒక రాబందు మూడు దినములకొకసారి తినుననుకొందము. అట్లయిన ఏడాదికి సుమారు 120 భోజనములగును. నూరు కళేబరములలో ఒక్కటి మాత్రమే విషపూరితమైనదనుకొందము. ప్రతి భోజనమునందును నూటికి ఒక వంతు అపాయమున్నది. 120 భోజనములు గడచునప్పటికి నూరు రాబందులలో సుమారు 30 మాత్రమే మిగులును. మరుసటి ఏడాదికి ఆ 30లో 9 మిగులును. పైగా ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు ఒకేసారి వ్రాలును.

చచ్చిన పక్షుల స్థానమును పిల్లలు భర్తీ చేయలేవా అనిన, రాబందు నాలుగైదేండ్లకుగాని ఈడునకు రాదు. ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. నూటికి ఒక వంతుకంటె తక్కువ కళేబరములలో విషమున్నను ఇంతటి క్షీణత కలుగునని శాస్త్రజ్ఞులు 2004లో లెక్కకట్టిరి. నిషేధమునకు ముందు భారతదేశమున పశువుల కళేబరములనుండి తీసిన కాలేయపు ముక్కలను పరీక్షింపగా, నూటికి సుమారు 10 ముక్కలలో డైక్లోఫెనాక్ కనబడెను.

ప్రజారోగ్యమునకు కలిగిన నష్టము

రాబందులు పోయిన తరువాత కళేబరములు పోలేదు. అవి ఊరిబయట దినములకొలది కుళ్లసాగెను. ఆ మాంసమునకు ఊరకుక్కలు చేరెను. కుక్క రాబందువలె కళేబరమును శీఘ్రముగా శుభ్రము చేయజాలదు. కాని తిండి దొరకినకొలది దాని సంతానము పెరుగును. 1992 మొదలు 2006 వరకు రాబందుల నాశముచేత దేశమున కుక్కలు కనీసము 55 లక్షలు అధికమైనవనియు, కుక్కకాట్లు సుమారు 3 కోట్ల 85 లక్షలు అధికమైనవనియు, పిచ్చికుక్క వ్యాధివలన 47 వేలకు పైగా అధిక మరణములు సంభవించినవనియు 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది.

2024లో ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు, ఇంతకుముందు రాబందులు విరివిగా ఉన్న జిల్లాలను, అవి అంతగా లేని జిల్లాలతో పోల్చి చూచిరి. రాబందులు నశించిన జిల్లాలలో మనుష్యుల మరణములు నూటికి 4 వంతులకంటె ఎక్కువగా పెరిగినట్లును, 2000 మొదలు 2005 వరకు సుమారు 5 లక్షల అధిక మరణములు కలిగినట్లును వారు లెక్కగట్టిరి. కుక్కల వృద్ధి, నీటి కాలుష్యము ఇందుకు ముఖ్యకారణములని వారు సూచించిరి. ఇవి అంచనాలు, కాని రెండు లెక్కలును ఒకే దిక్కును చూపుచున్నవి. పక్షుల రోగము పక్షులకే పరిమితమైనది కాదు. పశువు, పక్షి, కుక్క, నీరు, మనిషి – ఈ అయిదింటి ఆరోగ్యము ఒకే త్రాటికి కట్టబడియున్నది.

మందునకు బదులు మందు

రైతునకు పశువే ఆస్తి. నొప్పితో మేత మానిన ఎద్దునకు మందు ఇవ్వవద్దని చెప్పుట న్యాయము కాదు. కావున డైక్లోఫెనాక్‌కు బదులుగా రాబందులకు హానిచేయని మందును వెదకవలసివచ్చెను. దక్షిణాఫ్రికాలోను, భారతదేశములోను జరిగిన పరీక్షలవలన మెలాక్సికామ్ అను మందు రాబందులకు అపాయము కాదని తేలి, ఆ ఫలితములు 2006 జనవరిలో ప్రకటింపబడినవి. పశువులకు ఈ మందు డైక్లోఫెనాక్‌వలెనే నొప్పిని, వాపును, జ్వరమును తగ్గించును. టోల్ఫెనమిక్ ఆమ్లము కూడ రాబందులకు సురక్షితమని తరువాతి పరీక్షలవలన తేలినది. ఇజ్జత్‌నగరమునందలి భారత పశువైద్య పరిశోధనాసంస్థ ఈ విధమైన పరీక్షలలో పాల్గొన్నది.

అయితే డైక్లోఫెనాక్ ఒక్కటియే విషము కాదు. కీటోప్రొఫెన్ రాబందులను చంపునని పరీక్షలవలన తెలిసినది. ఎసిక్లోఫెనాక్ పశువు శరీరములో డైక్లోఫెనాక్‌గా మారును. కావున పేరు వేరైనను అపాయము ఒక్కటే. నిమెసులైడ్ వలన కూడ అడవిరాబందులు చచ్చినట్లు కనబడినది.

చట్టము చేసిన పని

2006 మే నెలలో భారత ప్రభుత్వము పశువులకై డైక్లోఫెనాక్ తయారు చేయుటను నిలిపివేయు చర్యలు ప్రారంభించినది. 2008లో ఈ నిషేధము మరింత గట్టిచేయబడినది. నేపాళము, పాకిస్థాను 2006లోను, బంగ్లాదేశ్ 2010లోను నిషేధించినవి. కాని మనుష్యులకై తయారైన 30 మిల్లీలీటర్ల సీసాలను కొందరు పశువులకు వాడుచుండిరి. మనిషికి ఒకసారి కావలసినది 3 మిల్లీలీటర్లు మాత్రమే. పెద్దసీసా పశువునకే అనుకూలము. కావున 2015లో కేంద్ర ఆరోగ్యశాఖ, మనుష్యుల డైక్లోఫెనాక్ సూదిమందును ఒక్క మోతాదు గల 3 మిల్లీలీటర్ల సీసాలలోనే అమ్మవలెనని ఉత్తరువు చేసినది. ఈ ఉత్తరువును సవాలుచేయగా, 2017లో మద్రాసు హైకోర్టు దానిని సమర్థించినది. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, 2024 డిసెంబరులో నిమెసులైడ్ పశువుల వాడుకకు నిషేధింపబడినవి.

నిషేధము తరువాత కళేబరములలో డైక్లోఫెనాక్ పాలు తగ్గుటయు, క్షీణత వేగము మందగించుటయు సర్వేలవలన తెలిసినది. కాని పోయిన పక్షులు తిరిగిరాలేదు. 2015లో జరిగిన సర్వే ప్రకారము దేశమున తెల్లవీపు రాబందులు సుమారు 6,000, పొడుగుముక్కు రాబందులు 12,000, సన్నముక్కు రాబందులు 1,000 మాత్రమే మిగిలియుండెను.

సంరక్షణ కేంద్రములు

హర్యానాలోని పింజోరునందు 2001లో రోగగ్రస్తమైన రాబందులకు చికిత్సాకేంద్రము నెలకొల్పబడినది. 2004లో అది సంతానోత్పత్తి కేంద్రముగా మార్చబడినది. ఈ కేంద్రమునకు జటాయువు పేరు పెట్టబడినది. తరువాత పశ్చిమబంగాళమునందలి రాజాభాత్‌ఖావాలోను, అస్సామునందలి రాణిలోను, భోపాలునందును ఇట్టి కేంద్రములు ఏర్పడినవి. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును రాబందుల సంతానమును పెంచు ప్రయత్నము జరుగుచున్నది.

ఈ పని సులభము కాదు. పక్షులకు పెట్టు మేకలను వధించుటకు ముందు కొన్ని దినములు విడిగా ఉంచుదురు. వాని శరీరమున ఏ మందును మిగిలియుండరాదనుటయే దీని ఉద్దేశము. పక్షులు గుంపుగా నివసించు స్వభావము కలవి గనుక విశాలమైన పంజరములలో కలిపి ఉంచుదురు. మనుష్యులకు అలవాటు పడకుండుటకై వానిని దూరమునుండి కెమెరాలద్వారా గమనింతురు. మొదటి గ్రుడ్డును తీసి యంత్రములో పొదిగించినచో, జంట మరియొక గ్రుడ్డు పెట్టు అవకాశమున్నది. ఈ ఉపాయముచేత ఏడాదికి ఒక్కటికి బదులు రెండు పిల్లలను పొందవచ్చును. 2020లో పింజోరునుండి 8 తెల్లవీపు రాబందులు గుర్తులు అమర్చబడి అడవికి విడువబడినవి. కాని బయట కళేబరములు శుభ్రముగా లేనిచో, పంజరమున ఏండ్లతరబడి పెంచిన పక్షి ఒక్క భోజనముతో చచ్చును. కావున ఆ పక్షుల ప్రాణము పల్లెలలోని పశువుల కొట్టములయందే ఉన్నది.

తెలంగాణమునందు కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలోని పాలరాపు కొండచరియలయందు పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో కనబడినవి. అట్టి స్థలముల చుట్టుప్రక్కల గ్రామములలో పశువులకు ఏ మందు వాడుచున్నారన్నది మిక్కిలి ముఖ్యమైన విషయము.

ప్రజలు చేయవలసిన పనులు

1. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ అను మందులను ఏ పశువునకును ఇవ్వరాదు. మనుష్యుల మందును పశువునకు వాడుట నేరము మాత్రమే కాదు, అపాయము కూడ.

2. పశువునకు నొప్పి, వాపు, జ్వరము ఉన్నపుడు పశువైద్యుని చూపవలెను. మెలాక్సికామ్ ఇచ్చుటకు వీలున్నదేమో అడిగి తెలిసికొనవలెను. సీసాపై పేరు చదువక సూదిమందు వేయించరాదు.

3. చికిత్సలో ఉండి చచ్చిన పశువును బయట పారవేయరాదు. లోతుగా గోయి త్రవ్వి పూడ్చవలెను.

4. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, నోటినుండి, మలద్వారమునుండి గడ్డకట్టని నల్లరక్తము కారుచున్నచో అది దొమ్మవ్యాధి, అనగా ఆంత్రాక్స్, కావచ్చును. అట్టి కళేబరమును కోయరాదు, తోలు తీయరాదు. వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

5. కుక్కలను, తోడేళ్లను, చిరుతలను చంపుటకు కళేబరములలో విషము కలుపరాదు. ఆ విషముచేత రాబందులు గుంపులుగా చచ్చును.

6. ఎగురలేక పడియున్న రాబందు కనబడినచో దానిని వట్టిచేతులతో తాకక, కుక్కలను, జనసమూహమును దూరముగా ఉంచి, అటవీశాఖవారికి కబురు చేయవలెను.

7. కుక్క కరచినచో గాయమును సబ్బుతోను, పారు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొని, వైద్యుడు చెప్పిన దినములలో మిగిలిన మోతాదులను తప్పక పూర్తిచేయవలెను. వ్యాధిలక్షణములు బయలుదేరిన పిమ్మట ఈ రోగమునుండి బ్రతికినవారు దాదాపు లేరు.

అభ్యాసప్రశ్నలు

1. డైక్లోఫెనాక్ ఆవునకు మేలుచేసి రాబందునకు హానిచేయుటకు కారణమేమి?

2. శవపరీక్షలో కనబడిన తెల్లని పూత ఏ పదార్థము? అది ఎట్లు ఏర్పడును?

3. నూటికి ఒక్క కళేబరము విషపూరితమైనను రాబందులు నశించుటకు గల కారణమును లెక్కతో చూపుము.

4. మనుష్యుల మందు సీసా పరిమాణమును 2015లో తగ్గించుటకు కారణమేమి?

5. మీ గ్రామమున చచ్చిన పశువులను ఏమి చేయుచున్నారు? అందు మార్పవలసినది ఏమైన ఉన్నదా?